మంగు మచ్చలకు పైపూత మందులు: ఎంపిక, గడువు, వెలుతురు

ప్రవేశిక

చెక్కిళ్లపైనా, నుదుటిపైనా, పైపెదవిపైనా ఇంచుమించు సమానంగా ఇరువైపులా వ్యాపించే గోధుమ రంగు లేదా ముదురు బూడిద రంగు మచ్చలను తెలుగువారు మంగు అంటారు. ఆధునిక వైద్యశాస్త్రం వీటికి పెట్టిన పేరు మెలాస్మా. నలుపు అనే అర్థం గల గ్రీకు పదం నుంచి ఈ పేరు వచ్చింది. మంగులో నొప్పి ఉండదు, దురద ఉండదు, ప్రాణభయం అసలే లేదు. అయినప్పటికీ చర్మవైద్యుల వద్దకు స్త్రీలను రప్పించే సమస్యల్లో ఇది ముఖ్యమైనది. పురుషుల్లోనూ కనిపిస్తుంది గాని తక్కువ.

ఈ సమస్య ప్రాచీనులకు తెలియనిది కాదు. సుశ్రుతసంహిత నిదానస్థానంలో క్షుద్రరోగాలను వర్ణించిన అధ్యాయంలో 'వ్యంగం' అనే పేరుతో దీని ప్రస్తావన ఉంది. క్రోధం వల్లా శరీరశ్రమ వల్లా ప్రకోపించిన వాతం పిత్తంతో కలిసి ముఖానికి చేరి, నొప్పి లేని, పలుచని, నల్లని మండలాలను కలిగిస్తుందని అక్కడి వివరణ. ముఖానికే పరిమితం కావడం, నొప్పి లేకపోవడం అనే లక్షణాలు నేటి వైద్యగ్రంథాల వర్ణనతో సరిపోతాయి. ఆ శ్లోకంలో ఎండ ప్రస్తావన మాత్రం లేదు. శరీరశ్రమను కారణంగా చెప్పిన పరిశీలన వెనుక ఆరుబయట పనిచేసేవారి ముఖాలు ఉండి ఉండవచ్చునని ఊహించవచ్చు గాని, అది ఊహ మాత్రమే.

మంగు దానంతట అది హాని చేయదు. దానిని పోగొట్టడానికి రాసిన మందు చేయగలదు. పైపూత మందును ఎంచుకునేటప్పుడు 'ఏ మందు?' అన్న ప్రశ్నతో పాటు 'ఎన్నాళ్లు?', 'ఏ వెలుతురులో తిరిగే మనిషికి?' అన్న ప్రశ్నలనూ అడగవలసి ఉంటుంది. చికిత్స ఫలితం చాలావరకు ఈ చివరి రెండింటి మీదనే ఆధారపడుతుందని గత యాభై ఏళ్ల పరిశోధన చరిత్ర సూచిస్తున్నది.

మచ్చ వెనుక జరిగేది

చర్మపు పైపొర అడుగున ఉండే మెలనోసైట్ కణాలు మెలనిన్ అనే వర్ణకాన్ని తయారుచేస్తాయి. టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మెలనిన్‌గా మార్చే ప్రక్రియకు టైరోసినేజ్ అనే ఎంజైము కీలకం. తయారైన వర్ణకం చిన్న చిన్న సంచుల రూపంలో చుట్టుపక్కల ఉన్న చర్మకణాలకు చేరుతుంది. మంగు ఉన్న చోట మెలనోసైట్‌ల సంఖ్య అంతగా పెరగదు. ఉన్న కణాలే పెద్దవై, చురుకై, అవసరానికి మించి పనిచేస్తాయి. వంశపారంపర్యం, గర్భధారణ, గర్భనిరోధక మాత్రలు ఇందుకు దోహదం చేస్తాయి. వీటన్నిటికీ తోడై మచ్చను పైకి తెచ్చేది ఎండ.

ఎండ పాత్రను చాలాకాలం ఒక ప్రేరకంగా మాత్రమే పరిగణించారు. సూక్ష్మదర్శిని పరీక్షలు మరికొన్ని సంగతులను బయటపెట్టాయి. మచ్చ ఉన్న చర్మంలో, పక్కనే ఉన్న మామూలు చర్మంతో పోలిస్తే, సాగే గుణాన్నిచ్చే తంతువులు ఎక్కువగా చెడిపోయి ఉన్నాయి. పైపొరకూ లోపొరకూ మధ్య ఉండే ఆధారపటలం దెబ్బతిని ఉంది. రక్తనాళాలు, మాస్ట్ కణాలు పెరిగి ఉన్నాయి. ఇవి ఏళ్ల తరబడి ఎండ సోకిన చర్మంలో కనిపించే మార్పులు. ఈ ఆధారాలతోనే పాసెరాన్, పికార్డో అనే పరిశోధకులు 2018లో మెలాస్మాను ఎండ వల్ల కలిగే అకాల వార్ధక్య రుగ్మతగా పరిగణించాలని ప్రతిపాదించారు. ఆ దృష్టితో చూస్తే మంగు రంగుకు సంబంధించిన దోషం మాత్రమే కాదు. ఎండకు దెబ్బతిన్న చర్మం మీద రంగు రూపంలో కనిపించే గుర్తు. పైరంగును తొలగించే మందు లోపలి దెబ్బను మాన్పదు. మందు ఆపిన కొన్ని నెలలకే మచ్చ మళ్లీ తలెత్తడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఎండ సోకిన చోట వచ్చే నలుపంతా మంగు కాదు

పైపూత గురించి ఆలోచించే ముందు రోగనిర్ణయం స్థిరపడాలి. తెలుగునేలకు సంబంధించి ఈ విషయంలో రెండు ఉదాహరణలు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి.

మొదటిది పెలాగ్రా. నియాసిన్ అనే బి3 విటమిన్ లోపం వల్ల వచ్చే ఈ వ్యాధిలో ముంజేతుల మీద, చేతుల వెనుక, మెడ చుట్టూ, అంటే ఎండ తగిలే చోట్లనే, స్పష్టమైన అంచుతో నల్లని మొరటు మచ్చలు వస్తాయి. మొక్కజొన్న ప్రధానాహారమైన దేశాల్లో ఇది ప్రసిద్ధం. దక్కను పీఠభూమిలో జొన్న తినే పేదల్లోనూ ఇది కనిపించడం పరిశోధకులను ఆలోచింపజేసింది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో, అంటే తరువాతి కాలపు జాతీయ పోషకాహార సంస్థలో, సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ఈ విషయాన్ని పరిశోధించారు. జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఈ వ్యాధికీ సంబంధం ఉందని 1960లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనపై తరువాత వాదోపవాదాలు జరిగాయి. రోగి దృష్టిలో ముఖ్యమైన సంగతి మాత్రం వివాదం లేనిది: పెలాగ్రా మచ్చకు మందు నియాసిన్. విరేచనాలు, మతిమరుపు దాకా వెళ్లగల వ్యాధిని క్రీముతో తెల్లబరచాలని చూడటం ప్రమాదకరం.

రెండవది వయ్యారిభామ. 1950ల మధ్యలో పుణే ప్రాంతంలో గుర్తించిన ఈ కలుపుమొక్క అనతికాలంలోనే దేశమంతటా పొలం గట్లను ఆక్రమించింది. గాలిలో తేలే దీని రేణువులు పడనివారికి ముఖం, మెడ, చేతుల మీద దురదతో కూడిన చర్మశోథ వస్తుంది. కొందరిలో ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండను ఏమాత్రం సహించలేని స్థితికి దారితీస్తుంది. చర్మం మందమై నల్లబడుతుంది. ఇక్కడ దురదే ఆనవాలు. పొలం పనికి వెళ్లే నడివయసు మనిషి ముఖం నల్లబడి దురద పెడుతున్నదంటే మంగు కన్నా ముందు వయ్యారిభామను అనుమానించడం సమంజసం.

ఇవి గాక లైకెన్ ప్లేనస్ వర్ణకరూపం, కొన్ని మందుల దుష్ఫలితాలు, తలకు వేసే రంగు పడక వచ్చే నలుపు వంటివి కూడా మంగును పోలి ఉంటాయి. అనుభవజ్ఞుడైన వైద్యుడు చాలాసార్లు కంటితోనే తేడా చెప్పగలడు; అవసరమైతే వుడ్స్ దీపం, డెర్మోస్కోపు తోడ్పడతాయి.

క్లిగ్‌మన్ మిశ్రమం

మంగు చికిత్సలో నేటికీ కేంద్రస్థానంలో ఉన్న రసాయనం హైడ్రోక్వినోన్. నలుపు తెలుపు ఛాయాచిత్రాలను కడిగే ద్రావణాల్లో వాడేదీ ఇదే. దీని బంధువు ఒకటి చర్మాన్ని తెల్లబరుస్తుందని మొదట తెలిసింది వైద్యశాలలో కాదు, తోళ్ల కర్మాగారంలో. 1939లో ఆలివర్, ష్వార్ట్జ్, వారెన్ అనే వైద్యులు అమెరికాలో తోళ్ల పరిశ్రమ కార్మికుల చేతులు మచ్చలు మచ్చలుగా తెల్లబడిన వైనాన్ని నివేదించారు. వారు తొడుక్కున్న రబ్బరు తొడుగుల్లో కలిపిన మోనోబెంజైల్ ఈథర్ ఆఫ్ హైడ్రోక్వినోన్ అందుకు కారణమని తేలింది. ఆ పదార్థం రంగును శాశ్వతంగా పోగొట్టగలదు కాబట్టి మంగుకు పనికిరాదు. దానికన్నా సౌమ్యమైన హైడ్రోక్వినోన్‌ను 1960ల నుంచి మచ్చలకు వాడసాగారు. ఇది టైరోసినేజ్ పనిని అడ్డుకుని కొత్త మెలనిన్ తయారీని తగ్గిస్తుంది.

1975లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఐజాక్ విల్లిస్ మూడు మందుల మిశ్రమాన్ని ప్రకటించారు: హైడ్రోక్వినోన్ 5 శాతం, ట్రెటినోయిన్ 0.1 శాతం, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 0.1 శాతం. ఈ కూర్పులోని తర్కం ఆసక్తికరమైనది. ట్రెటినోయిన్ పైపొర కణాలు త్వరగా రాలిపోయేలా చేసి, హైడ్రోక్వినోన్ లోపలికి దిగడానికి దారి ఇస్తుంది. అది ఆక్సీకరణం చెంది చెడిపోకుండా కూడా కాపాడుతుంది. ఈ రెండూ కలిగించే మంటనూ ఎరుపునూ స్టెరాయిడ్ అణచివేస్తుంది. స్టెరాయిడ్ వల్ల చర్మం పలచబడే ప్రమాదాన్ని ట్రెటినోయిన్ కొంతవరకు ఎదుర్కొంటుంది. ఒకదాని లోపాన్ని మరొకటి సరిదిద్దే ఏర్పాటు ఇది. క్లిగ్‌మన్ పేరు చెప్పుకునేటప్పుడు ఆయన ఫిలడెల్ఫియా హోమ్స్‌బర్గ్ కారాగారంలో ఖైదీల చర్మంపై ఏళ్ల తరబడి జరిపిన ప్రయోగాలను, వాటిపై వచ్చిన తీవ్రమైన నైతిక విమర్శను దాటవేయడం న్యాయం కాదు.

ఈ మిశ్రమాన్ని సౌమ్యం చేసిన రూపానికి 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది: హైడ్రోక్వినోన్ 4 శాతం, ట్రెటినోయిన్ 0.05 శాతం, ఫ్లూసినోలోన్ అసిటోనైడ్ 0.01 శాతం. అనుమతికి ఆధారమైన పరీక్షల ఫలితాలను టేలర్ బృందం 2003లో ప్రచురించింది. 641 మంది పాల్గొన్న ఆ పరీక్షల్లో ఎనిమిది వారాల చివర మూడు మందులూ కలిపి వాడినవారిలో 26.1 శాతం మందికి మచ్చలు పూర్తిగా పోయాయి. రెండేసి మందులు వాడిన వర్గాల్లో ఇది గరిష్ఠంగా 4.6 శాతం మాత్రమే.

ఈ అంకెలను తెలుగు పాఠకుడు రెండు జాగ్రత్తలతో చదవాలి. ఆ పరీక్షల్లో పాల్గొన్నవారి చర్మం ఫిట్జ్‌పాట్రిక్ కొలబద్ద ప్రకారం ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు చెందినది. దక్షిణ భారతంలో ఎక్కువగా కనిపించే నాలుగు, ఐదు తరగతుల్లో ఐదవది అందులో లేనే లేదు. ముదురు ఛాయ గల చర్మంలో మంట, ఎరుపు వచ్చి తగ్గిన చోట కొత్త నలుపు ఏర్పడే గుణం ఎక్కువ. మందు కలిగించే చిన్న మంట కూడా మచ్చను పెంచగలదు. రెండవది, మచ్చలు పూర్తిగా పోయినవారు దాదాపు నలుగురిలో ఒకరే. మిగిలినవారిలో చాలామందికి మచ్చ గణనీయంగా తగ్గిన మాట నిజమే. తగ్గడం వేరు, పోవడం వేరు. రోగికి మొదటిరోజే చెప్పవలసిన తేడా ఇది.

గడువు దాటిన మందు

పై ఫలితాలన్నీ ఎనిమిది వారాలకు సంబంధించినవి. అనుమతి పత్రం కూడా స్వల్పకాల చికిత్సకే పరిమితమైనది. భారతదేశంలో విరివిగా అమ్ముడైన కూర్పు దీనికి కొంత భిన్నం: హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినోయిన్ 0.025 శాతం, మోమెటసోన్ 0.1 శాతం. అంటే తెల్లబరిచే మందులు పలచబడ్డాయి, స్టెరాయిడ్ మాత్రం బలపడింది. మోమెటసోన్ ఆ మోతాదులో 0.01 శాతం ఫ్లూసినోలోన్ కన్నా చాలా శక్తిమంతమైనది. ముఖచర్మం పలుచనిది కాబట్టి ఈ తేడాను తేలికగా తీసుకోవడానికి వీలులేదు.

స్టెరాయిడ్ పైపూత మొదటి వారాల్లో ముఖానికి నునుపునూ ఛాయనూ ఇస్తుంది. చిక్కంతా అక్కడే. గడువు ముగిసినా ఆపబుద్ధి కాదు. ఆపితే ముఖం ఎర్రబడి మండుతుంది. మళ్లీ రాస్తే తగ్గుతుంది. క్రమంగా చర్మం పలచబడి సన్నని రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు వస్తాయి, నూగు వెంట్రుకలు పెరుగుతాయి, మొదటి మచ్చ మరింత ముదురుతుంది. ఈ స్థితికి భారతీయ వైద్యులే 2008లో 'స్టెరాయిడ్ పైపూతతో దెబ్బతిన్న ముఖం' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

దీని విస్తృతిని చూపినది సరస్వత్ బృందం 2011లో ప్రచురించిన బహుకేంద్ర అధ్యయనం. ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించగా 433 మంది, అంటే 14.8 శాతం, స్టెరాయిడ్ పైపూతలు వాడుతున్నట్లు తేలింది. వారిలో 126 మంది దానిని ఛాయ పెంచే క్రీముగానో, సాధారణ ముఖలేపనంగానో, గడ్డం గీసుకున్న తరువాత రాసుకునే పూతగానో వాడుతున్నారు. 257 మందికి సలహా ఇచ్చినవారు వైద్యులు కారు. దుష్ఫలితాలు కనిపించినవారు 90.5 శాతం. వైద్యులు రాసిచ్చిన చీటీల్లోనూ 83 శాతం గడువు మీరి, అనుచితంగా మళ్లీ మళ్లీ వాడబడ్డాయన్నది ఆ అధ్యయనంలో అందరూ గమనించవలసిన అంశం. తప్పు మందుల దుకాణానిదే అనడానికి వీలులేని అంకె అది. 'ఫలానా తేదీన ఆపాలి' అని చీటీలో స్పష్టంగా రాయకపోతే, సరైన మందు కూడా ఇలాగే పెడదారి పడుతుంది.

చర్మవైద్యుల సంఘం కృషి తరువాత 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పైపూతలను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. వైద్యుని చీటీ లేనిదే వాటిని అమ్మరాదు. అంతకు ముందు చర్మంపై రాసే స్టెరాయిడ్‌లకు ఆ షెడ్యూల్ నుంచి మినహాయింపు ఉండేది. నియమం కాగితం మీదికి వచ్చింది గాని, పాత గొట్టాన్ని చూపించి కొత్తది కొనే అలవాటు ఒక ప్రకటనతో మాయమవుతుందని ఎవరూ ఆశించలేరు. తెలుపును అందంతో ముడిపెట్టి, చామనఛాయను సంజాయిషీ చెప్పుకోవలసిన విషయంగా మార్చిన సమాజంలో ఈ క్రీములకు గిరాకీ వైద్యశాస్త్రంలో పుట్టినది కాదు.

హైడ్రోక్వినోన్‌కూ గడువు అవసరమే. దక్షిణాఫ్రికాలో ఈ క్రీములను ఏళ్ల తరబడి రాసుకున్న నల్లజాతి స్త్రీల ముఖాలపై నీలినలుపు మచ్చలు గట్టిపడటాన్ని ఫిండ్లే బృందం 1975లో నివేదించింది. క్లిగ్‌మన్ మిశ్రమం వెలువడిన సంవత్సరమే అది. ఓక్రోనోసిస్ అనే ఈ స్థితిలో చర్మపు లోపొరలో పసుపు గోధుమ రంగు పదార్థం పేరుకుంటుంది. దానిని తొలగించడం బహుకష్టం. రోగి దీనిని మంగు ముదరడంగా భావించి మరింత మందు రాస్తే, అదే మందు ఆ స్థితిని ఇంకా పెంచుతుంది. సౌందర్య సాధనాల్లో హైడ్రోక్వినోన్‌ను దక్షిణాఫ్రికా 1990లోనూ, ఐరోపా సమాజం 2000ల ఆరంభంలోనూ నిషేధించాయి. అమెరికా 2020లో చీటీ లేని అమ్మకాలకు తెరదించింది. వైద్యుని పర్యవేక్షణలో నాలుగు శాతానికి మించకుండా, కొన్ని నెలలకే పరిమితం చేసి వాడినప్పుడు మాత్రం ఇది నేటికీ ఉపయోగకరమైన మందే. గోధుమ రంగుకు తిరిగిన క్రీము ఆక్సీకరణం చెందినదని గుర్తించి పారవేయాలి.

దీర్ఘకాలానికి తగినవి

గడువు ముగిసిన తరువాత ఏమి రాయాలి అన్న ప్రశ్నకు అజెలాయిక్ ఆమ్లం ఒక మంచి సమాధానం. దీని కథ శోభితో మొదలవుతుంది. శోభి మచ్చలకు కారణమైన శిలీంధ్రం చర్మం మీద కొన్ని ఆమ్లాలను తయారుచేస్తుందనీ, అవి టైరోసినేజ్‌ను అడ్డుకోగలవనీ 1970ల చివర ఇటలీలో నజారో-పోరో, పాసీ చూపారు. శోభి మచ్చ తెల్లగా ఉండటం వెనుక ఉన్న రహస్యాన్ని నల్లమచ్చకు మందుగా మార్చడం చర్మవైద్య చరిత్రలో ముచ్చటైన ఘట్టం. బలినా, గ్రౌప్ 1991లో ప్రచురించిన 24 వారాల పరీక్షలో, 329 మంది స్త్రీలలో 20 శాతం అజెలాయిక్ ఆమ్లం 4 శాతం హైడ్రోక్వినోన్‌తో ఇంచుమించు సమానంగా పనిచేసింది. మొదటి వారాల్లో చురుక్కుమనిపిస్తుంది, ఫలితం నెమ్మదిగా కనిపిస్తుంది. కాని చర్మాన్ని పలచబరచదు.

పెలాగ్రాను నయం చేసే బి3 విటమిన్ కుటుంబానికే చెందిన నియాసినమైడ్ ఇక్కడ మరో రూపంలో ఎదురవుతుంది. ఇది మెలనిన్ తయారీని కాక, తయారైన మెలనిన్ చర్మకణాలకు చేరే దారిని అడ్డుకుంటుంది. 27 మంది స్త్రీలలో ముఖానికి ఒకవైపు 4 శాతం నియాసినమైడ్, మరోవైపు 4 శాతం హైడ్రోక్వినోన్ రాసి పోల్చిన 2011 నాటి మెక్సికో అధ్యయనంలో హైడ్రోక్వినోన్ కొంత మెరుగ్గా కనిపించినా, నియాసినమైడ్‌తో ఇబ్బందులు తక్కువ. అధ్యయనం చిన్నది కాబట్టి దాని మీద పెద్ద నిర్ణయాలు కట్టలేము. ఇక ఇంటి చిట్కాల్లో నిమ్మరసం గురించి ఒక హెచ్చరిక అవసరం. నిమ్మజాతి పండ్లలోని ఫ్యూరోకౌమరిన్‌లు చర్మంపై ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి కొత్త నల్లమచ్చలు రాగలవు.

వెలుతురు

ఏ మందు వాడినా పగటి రక్షణ లేనిదే ఫలితం నిలవదు. సన్‌స్క్రీన్ గొట్టంపై ఉండే ఎస్.పి.ఎఫ్. సంఖ్య ప్రధానంగా అతినీలలోహిత బి కిరణాలు కలిగించే ఎరుపుకు సంబంధించినది, పి.ఎ. గుర్తు ఎ కిరణాలకు సంబంధించినది. కంటికి కనిపించే వెలుతురును ఈ రెండూ కొలవవు. ముదురు ఛాయ చర్మంపై ఆ వెలుతురు కూడా చెప్పుకోదగినంతగా, ఎక్కువకాలం నిలిచే నలుపును తెస్తుందని మహమూద్ బృందం 2010లో నిరూపించింది. నీలికాంతిని మెలనోసైట్‌లు ఆప్సిన్-3 అనే గ్రాహకం ద్వారా పసిగడతాయని 2018లో తెలిసింది. ఖరీదైన సన్‌స్క్రీన్ క్రమం తప్పక రాసినా మంగు తగ్గని అనుభవానికి ఇది ఒక వివరణ. కిటికీ అద్దం బి కిరణాలను ఆపుతుంది గాని ఎ కిరణాల్లో చాలా భాగాన్నీ, వెలుతురునూ ఆపదు.

కనిపించే వెలుతురును అడ్డుకోగలిగినది కంటికి కనిపించే పూతే. ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేతరంగు సన్‌స్క్రీన్‌లు ఆ పని చేస్తాయి. అరుగులకూ గోడలకూ పూసే జేగురు ఎరుపుకు కారణమైనదీ ఇదే పదార్థం. కాస్టనెడో-కాజరెస్ బృందం 2014లో ప్రచురించిన పరీక్షలో రోగులందరికీ 4 శాతం హైడ్రోక్వినోన్ ఇచ్చి, సగం మందికి మామూలు సన్‌స్క్రీన్, సగం మందికి ఐరన్ ఆక్సైడ్ గల సన్‌స్క్రీన్ ఇచ్చారు. ఎనిమిది వారాలకు రెండవ వర్గంలో మెరుగుదల ఎక్కువగా కనిపించింది. మందు ఒకటే, తేడా వెలుతురుదే.

సన్‌స్క్రీన్ పరీక్షల్లో చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల మందాన పూస్తారు. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున పిండినంత క్రీము కావాలి. ఎండలో ఉన్నంతసేపు రెండు మూడు గంటలకు ఒకసారి మళ్లీ రాయాలి. కళాశాల అధ్యాపకురాలికి ఇది సాధ్యం. పొద్దున్నే మిరప చేనుకు వెళ్లి సాయంత్రం వచ్చే కూలీకి ఆ ఖర్చూ, చెమటలో ఆ పూత నిలవడమూ రెండూ కష్టమే. ఆమె విషయంలో ముఖాన్ని కప్పే మందపాటి ముదురు రంగు నూలుగుడ్డ, వెడల్పు అంచు గల టోపీ మొదటి మందు. క్రీము ఆ తరువాతది. మిశ్రమాన్ని రాత్రిపూట, మచ్చ ఉన్న మేరకే, చీటీలో రాసిన తేదీ వరకే రాసుకోవాలి. పగలు దాని మీద ఎండ పడకుండా చూసుకునే ఏర్పాటు లేకపోతే మొదలుపెట్టకపోవడమే మేలు.

గర్భవతుల విషయం వేరు. ట్రెటినోయిన్, హైడ్రోక్వినోన్ రెండింటినీ అప్పుడు వాడరు. తప్పనిసరి అనుకుంటే వైద్యుని సలహాతో అజెలాయిక్ ఆమ్లం వాడవచ్చు. గర్భధారణలో వచ్చిన మంగు కొందరిలో కాన్పు అయిన కొన్ని నెలలకు దానంతట అదే పలచబడుతుంది కాబట్టి, గొడుగు పట్టుకుని అన్నాళ్లు వేచి చూడటం కూడా చికిత్సే.